హైకులో లెక్క అక్షరాలదా, మాత్రలదా?

రాత్రి ఆటగాడు:
పెద్దలకి నమస్కారం. ఇది వీడియో గేమ్ దగ్గర పుట్టిన అనుమానం, నవ్వకండి. 2020లో వచ్చిన 'ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా' ఆడుతున్నాను. 1274లో మంగోలులు త్సుషిమా దీవి మీద పడ్డప్పటి కథ. ఎటు చూసినా కత్తులే. కానీ కొన్నిచోట్ల హీరో జిన్ ఊరికే కూర్చుంటాడు. మనం కెమెరా తిప్పుతూ చుట్టూ చూడాలి. చూపు ఎక్కడ ఆపితే అక్కడ ఒక పాదం తేలుతుంది. పాదానికి మూడు ఎంపికలు, అలా మూడు పాదాలు. అంటే ఒకే చోట 27 హైకులు (మూడు పాదాల జపనీస్ చిట్టి కవితలు) అల్లొచ్చు. చివర్లో తలకి కట్టుకునే పట్టీ ఒకటి ఇస్తారు. నాకు దానిమీద ఆశ లేదు. డ్యూటీ దిగి వచ్చాక ఏ బటనూ నొక్కకుండా అక్కడ గాలి చప్పుడు వింటూ కూర్చోవడం అలవాటైపోయింది.

మొన్న నేనూ ఒకటి తెలుగులో రాశాను. 5-7-5 అక్షరాలు, వేళ్ళమీద లెక్కపెట్టి మరీ:

ఎండిన ఆకు
చెరువు మీద వాలె
చప్పుడే లేదు

లెక్క సరిపోయింది గానీ చదివితే బరువుగా ఉంది. ఎందుకంటారు?

పద్యాల మాస్టారు:
బాగుంది బాబూ. బరువు ఎక్కడిదంటే, నువ్వు లెక్కపెట్టింది అక్షరాలు, చెవికి వినబడేది మాత్రలు, అంటే పలకడానికి పట్టే కాలం. పొట్టిగా పలికే లఘువుకి ఒకటి, సాగే గురువుకి రెండు. నీ మొదటి పాదం ఏడు మాత్రలు, రెండోది తొమ్మిది, మూడోది ఎనిమిది. మొత్తం 24. పదిహేడు అనుకుని మోస్తున్నావు, మూట పెద్దది.

జపనీస్ విద్యార్థిని:
మాస్టారూ, మీరన్నది నిజమే. జపాన్‌వాళ్ళు లెక్కించేది ఇంగ్లీషువాళ్ళ సిలబుల్ కాదు, దాదాపు మన మాత్ర. 'టోక్యో' మనకి రెండక్షరాలు, వాళ్ళకి నాలుగు: టొ-ఒ-క్యొ-ఒ. 'నిప్పొన్' కూడా నాలుగే: ని-ప్-పొ-న్. గురులఘువులు వేసి చూడండి, రెండూ నాలుగు మాత్రలే. 'హైకు' అనే మాటే వాళ్ళకి మూడు, హ-ఇ-కు. మనకీ 'హై' గురువు, 'కు' లఘువు, మూడు. అందుకే 'హైకూ' అని దీర్ఘం తీస్తే నాకు చెవిలో గుచ్చుకుంటుంది, నాలుగైపోతుంది కదా. ఈ గ్రూపులో సగంమంది అలాగే రాస్తారు, క్షమించండి.

అన్నిచోట్లా కుదరదు లెండి. మొక్కజొన్నని వాళ్ళు ఇంగ్లీషు నుంచి తెచ్చుకుని 'కోన్' అంటారు. వాళ్ళకది మూడు, మన గురువు ఎంత సాగదీసినా రెండు దాటదు.

రాత్రి ఆటగాడు:
మరి జపాన్ కవి బషో రాసిన కప్ప హైకు అక్షరాల్లోనూ 5-7-5 సరిపోతోందే?

జపనీస్ విద్యార్థిని:
దాని మొదటి పాదం ఫు-రు-ఇ-కె-య. అన్నీ లఘువులు చూడండి, మిగతా రెండు పాదాలూ అంతే. అలాంటప్పుడు అక్షరమూ మాత్రా ఒకటే అవుతాయి. మనం మోసపోయింది అక్కడే. ఇంకోమాట, 1274లో జిన్ హైకు అల్లడం కుదరదు. అప్పుడున్నది 5-7-5-7-7 లెక్కతో ఐదు పాదాల వాకా. బషో 17వ శతాబ్దం మనిషి, 'హైకు' అనే పేరు స్థిరపడింది కవి మసవొక షికి వల్ల, 19వ శతాబ్దం చివర్లో. గేమ్ చేసింది అమెరికా కంపెనీ, ప్రపంచానికి తెలిసిన పేరు వాడుకున్నారనుకుంటా. నాకైతే కోపం లేదు. దారి చూపడానికి బాణం గుర్తు బదులు గాలి వీచేలా పెట్టినవాళ్ళని తిట్టబుద్ధి కాదు.

కవిత్వం చదివే ఒకరు:
ఈ లెక్కలెందుకండీ? తెలుగు కవి ఇస్మాయిల్ గారి హైకులు చదవండి. తెలుగులో చాలామంది 5-7-5 వదిలేసి మూడు పాదాలు మాత్రమే ఉంచుకున్నారు, ఏమీ నష్టపోలేదు.

పద్యాల మాస్టారు:
వదిలేయండి, కాదనను. కానీ లెక్కపెట్టాలనుకుంటే మన చెవికి తెలిసిన లెక్క పెట్టమంటున్నాను. ఐదు మాత్రల నడక అంటే ఖండగతి, ఏడంటే మిశ్రగతి. 1910లో గురజాడ ముత్యాలసరం ఛందస్సు నడిపింది మూడు-నాలుగు, మూడు-నాలుగు మాత్రల మీదే కదా. ఆ పాదంలో సగం కోస్తే హైకు నడిమి పాదం దొరుకుతుంది. బాబూ, నీ ఆకుని ఆ కొలతలో పెట్టి చూశాను:

ఎండాకు
రాలుతున్నది
చెరువుపై

ఎం-డా-కు, రెండు రెండు ఒకటి, ఐదు. 'రాలు' మూడు, 'తున్నది' నాలుగు. 'చెరువు' మూడు, 'పై' రెండు. అక్షరాలు చూస్తే పన్నెండే.

రాత్రి ఆటగాడు:
తేలికైంది మాస్టారూ. కానీ 'చప్పుడే లేదు' పోయిందే! నాకు అదే ఇష్టం.

పద్యాల మాస్టారు:
అదొక్కటే నేను కావాలని తీసేశాను. నువ్వు గేమ్‌లో బటన్ నొక్కకుండా కూర్చుంటానన్నావు చూడు, అక్కడ తెరమీద 'నిశ్శబ్దం' అని రాసి ఉంటుందా?

రాత్రి ఆటగాడు:
ఉండదు. సరే, ఒప్పుకున్నా. అయితే 'చెరువుపై' బదులు 'చెరువులో' అంటే?

పద్యాల మాస్టారు:
మాత్రలు అవే ఐదు. ఆకు తేలిందో మునిగిందో చూసినవాడివి నువ్వు, నన్నడిగితే ఎలా?