బస్తీ ఖాళీ చేయించి ఊరి చివర ఇల్లిస్తే సర్కారు బాధ్యత తీరినట్టేనా?

చాదర్‌ఘాట్_కుర్రోడు:
మాది మూసీ పక్కన బస్తీ. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాం. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఓటు అన్నీ ఈ అడ్రస్ మీదే, లేనిదల్లా పట్టా ఒక్కటే. మొన్న ఆఫీసు వాళ్లొచ్చి గోడ మీద గుర్తేసి పోయారు. ఇల్లిస్తారట, కానీ రెండు బస్సులు మారితే గానీ చేరలేనంత దూరంలో. అమ్మ మలక్‌పేటలో నాలుగిళ్లలో పని చేస్తుంది, మొదటి ఇంటికి పొద్దున ఆరున్నరకల్లా వెళ్లాలి. అక్కడికి పోతే ఆ పని పోయినట్టే. రాత్రిళ్లు నిద్ర కూడా లేదు ఆమెకు, ఒకటే టెన్షన్. మనిషి బతకడానికి తగిన తిండి, ఇల్లు చూడాల్సింది ప్రభుత్వమేనని అంతర్జాతీయ ఒప్పందం ఉందని మా సార్ చెప్పారు. అది మాలాంటి వాళ్లకు పనికొస్తుందా?

లా_మూడో_ఏడు:
ఉంది తమ్ముడూ. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒప్పందం, 1966 నాటిది, మన దేశం 1979లో చేరింది. తిండి, బట్ట, ఇల్లు అందరికీ అందేలా చూడాలని 11వ అధికరణం చెబుతుంది. నీకు కావాల్సింది మాత్రం దాన్ని వివరిస్తూ, ఆ ఒప్పందం అమలు చూసే ఐరాస కమిటీ 1991లో రాసింది. ఇల్లంటే నాలుగు గోడలు కాదు, పనికి, బడికి, ఆసుపత్రికి అందుబాటులో ఉండాలి, పట్టా లేకపోయినా బలవంతపు ఖాళీ నుంచి రక్షణ ఉండాలి అని అందులో స్పష్టంగా ఉంది. 1997లో ఇంకోటి రాశారు: ఖాళీ చేయించే ముందు ఆ జనంతో నిజంగా మాట్లాడాలి, తగినంత గడువుతో నోటీసివ్వాలి, రాత్రిపూట, వానల్లో చేయకూడదు. గోడ మీద గుర్తేసి పోవడం మాట్లాడటం కిందికి రాదు.

మూసారంబాగ్_వాసి:
నా మీద కోపం తెచ్చుకోకుండా ఒక మాట వినండి. 2020 అక్టోబరు వానలకు మా సందులో నీళ్లు నడుము దాకా వచ్చాయి, ముసలివాళ్లను భుజాల మీద మోశాం. ఏరు పొంగే చోట పిల్లలతో ఉండటం కూడా తగిన ఇల్లు కాదు కదా. పైగా ఆ ఒప్పందం 2వ అధికరణంలోనే 'ఉన్న వనరుల మేరకు, క్రమంగా' అని ఉంది. డబ్బుల్లేవంటే ఏం చేస్తారు?

లా_మూడో_ఏడు:
అన్నా, ప్రమాదం నిజమే, కదలొద్దని నేననట్లేదు, ఎక్కడికి అన్నదే ప్రశ్న. క్రమంగా అంటే ఎప్పుడో ఒకప్పుడు అని కాదు. కనీస తిండి, కనీస నీడ లాంటివి ముందు చూడాల్సిందేనని, చేయలేకపోతే ఉన్నదంతా వాటికే పెట్టామని ప్రభుత్వమే చూపించాలని 1990లోనే కమిటీ చెప్పింది. ఒప్పందాన్ని నేరుగా పట్టుకుని మన కోర్టులో గెలవడం కష్టం, జెనీవాలోని ఆ కమిటీకి బాధితులే నేరుగా ఫిర్యాదు పంపే ప్రోటోకాల్ (అనుబంధ ఒప్పందం)లో మన దేశం చేరలేదు. జీవించే హక్కు ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణంతోనే వెళ్లాలి. 1985లో బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అంది (చివరికి ఖాళీ చేయించొచ్చనే చెప్పింది, వానాకాలం పోయేదాకా ఆపింది, అది కూడా తెలిసి ఉండాలి). 1995 చమేలీ సింగ్ తీర్పులో నివాసమంటే వెలుతురు, నీళ్లు, రోజూ పనికి వెళ్లే దారి కూడా అని రాశారు. మీ అమ్మగారి సంగతి సరిగ్గా అదే.

అక్క_సైదాబాద్:
బాబూ, ముందు రాతపూర్వక నోటీసు అడగండి, నోటి మాటకు సంతకం పెట్టొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, 1987 చట్టం అది. సిటీ సివిల్ కోర్టులో న్యాయ సేవల వాళ్లను అడగండి, మీ అమ్మ పేరు మీదే దరఖాస్తు పెట్టండి.

చాదర్‌ఘాట్_కుర్రోడు:
అందరికీ థాంక్స్. అక్కా, నోటీసు ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఆదివారం బస్తీలో అందరం కూర్చుంటున్నాం. ఇంటింటికీ తిరిగి ఎవరు ఎక్కడ పని చేస్తారో, పొద్దున ఎన్నింటికి బయల్దేరతారో, పిల్లలు ఏ బడో రాసుకుంటాను. మొదటి పేరు అమ్మదే.