2020 ఏప్రిల్ కిసాన్ సొమ్ము ఎవరికి పడిందో తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: కరోనా లాక్‌డౌన్‌లో పీఎం కిసాన్ విడత రూ.2,000 ముందే వేశారు కదా. ఆనందపురం మండలంలోని మా ఊళ్లో కొందరు మాకు పడలేదంటున్నారు. ఊరివారీగా వివరాలు ఎక్కడ దొరుకుతాయండీ?

జవాబు 1: పీఎం కిసాన్ పోర్టల్లో లబ్ధిదారుల జాబితా తెరిచి జిల్లా, మండలం, గ్రామం ఎంచుకోండి. పేరున్నంత మాత్రాన డబ్బు పడినట్టు కాదు. ఆధార్ ద్వారా వేసే సొమ్ము ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) చివరగా ఆధార్‌తో లింకైన ఖాతాకే పోతుంది. చాలామంది పాత పాస్‌బుక్ చూసుకుని రాలేదనుకుంటారు.

జవాబు 2: అసలు లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తే దారి. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. ఆ మాట దరఖాస్తులో రాయండి. మండల వ్యవసాయ అధికారి కార్యాలయంలో ఇవ్వండి, రుసుము రూ.5. ‘ఎందుకు వేయలేదు’ అని రాస్తే అది సమాచారం కాదని తిప్పి పంపుతారు. ‘2020 ఏప్రిల్ విడతలో చెల్లింపు విఫలమైనవారి జాబితా, నమోదైన కారణాల నకలు’ అని అడగండి. ఖాతా, ఆధార్ నంబర్లు మాత్రం అడగొద్దు, వ్యక్తిగత సమాచారమంటూ మొత్తానికే నిరాకరిస్తారు.

జవాబు 3: రసీదు తప్పక తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే, ఆపై 30 రోజుల్లోపే మొదటి అప్పీలు వేయాలి.