వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ) పాట కనిపించాలని ట్రై చేస్తే తంబురా, దగ్గు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరైనా చేశారా?

తంబురా తీగ:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు ముప్పయ్యేళ్లుగా గాత్రం నేర్పుతున్నారు. ఆయన పాడుతుంటే ఆ పాట మధ్యలో నిలబడి చూస్తున్నట్టు ఉండాలని క్వెస్ట్ 2 అనే వీఆర్ హెడ్‌సెట్ కోసం, గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సీన్ కట్టాను. అందరూ చేసే పద్ధతే. ధ్వనిని ఎఫ్‌ఎఫ్‌టీ అనే లెక్కతో పౌనఃపున్యాల పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి ఒక్కో స్తంభం పెట్టాను. చుట్టూ గుండ్రంగా 64 స్తంభాలు. తీరా హెడ్‌సెట్ పెట్టుకుని చూస్తే, తంబురాకి మూడు స్తంభాలు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి, మిగతావి నేలకి అతుక్కుపోయాయి. గమకానికి చలనమే లేదు. నాన్నగారు దగ్గితే మాత్రం హాలంతా లేచి నిలబడింది. ఆయన హెడ్‌సెట్ తీసేసి "పాట కంటే నా దగ్గే బాగుందిరా" అన్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బెజవాడ కోడర్:
తప్పు నీది కాదు బ్రో, లెక్కది. ధ్వనిని సెకనుకి 48,000 సార్లు కొలుస్తాం (ఒక్కో కొలత ఒక శాంపిల్). అందులో ఒక్కో లెక్కకి 2048 శాంపిళ్ల ముక్క, అంటే కిటికీ, తీసుకుంటే పౌనఃపున్యాల్లో ఒక్కో గడి వెడల్పు 23.4 హెర్ట్జ్. మీ నాన్నగారి శ్రుతి ఒకటి అనుకుందాం. ఆధార షడ్జం 130.8 దగ్గర, శుద్ధ రిషభం 139.5 దగ్గర ఉంటాయి. రెండింటికీ మధ్య తొమ్మిది హెర్ట్జ్ కూడా లేదు. స, రి ఒకే గడిలో సర్దుకుని కూర్చుంటే ఇక గమకం ఎక్కడ కనిపిస్తుంది? కిటికీని 8192కి పెంచావనుకో, గడి ఆరు హెర్ట్జ్‌కి తగ్గుతుంది. కానీ ఒక్కో లెక్కకి 170 మిల్లీసెకన్ల పాట కావాలి. ఈలోగా ఆయన ఇంకో సంగతిలో ఉంటారు.

గొంతుకి ఈ స్తంభాలు వదిలెయ్. స్వరస్థానాన్ని నేరుగా పట్టే పద్ధతులున్నాయి. 2002లో వచ్చిన యిన్ అల్గారిథం ఇలాంటి ఒంటరి గొంతుకి ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. అది చెప్పిన స్థాయిని గాలిలో ఒక దారంలా గీయి. ఎత్తు స్వరాన్ని బట్టి, మందం గట్టిదనాన్ని బట్టి. ఎత్తుకి లాగ్ స్కేల్ మర్చిపోకు. 100 నుంచి 200 ఎంత దూరమో, చెవికి 1000 నుంచి 2000 కూడా అంతే దూరం. కాలర్ మైకు గొంతుకి దగ్గరగా పెట్టు, తంబురా అందులోకి పడకూడదు. పడితే యిన్ కూడా తికమకపడుతుంది.

రాత్రి డ్యూటీ:
పై లెక్కలు నాకు సగమే అర్థమయ్యాయి, కానీ నా బాధ వేరే. తీన్మార్ డప్పులకి నిప్పురవ్వలు ఎగిరేలా చేశాను. అంతా బాగానే ఉంది గానీ దెబ్బ ముందు వినబడి, రవ్వ తర్వాత ఎగురుతోంది. చూస్తుంటే ఎవరో నా వెనక నిలబడి తప్పుగా చప్పట్లు కొడుతున్నట్టు చిరాకు. తమాషా ఏంటంటే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ పెడితే ఇది తిరగబడింది: రవ్వ ముందు, దెబ్బ తర్వాత. అయినా ఎందుకో అదే కాస్త నయం అనిపించింది.

బెజవాడ కోడర్:
ఎందుకో చెప్తా అన్నా. చెరువుకి అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్లని చూశావా? బట్ట బండని తాకడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. లోకంలో ఎప్పుడూ ఇదే వరస కాబట్టి మెదడు దీన్ని క్షమిస్తుంది. చప్పుడే ముందొస్తే ఊరుకోదు. టీవీ ప్రసారాల కోసం ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంస్థ) ఇచ్చిన సిఫారసులో కూడా ఈ తేడా ఉంది: ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే జనం పసిగట్టేస్తారు, వెనకైతే 125 దాకా గమనించరు. మన విజువలైజర్లలో బొమ్మ ఎప్పుడూ ధ్వని కంటే వెనకే. 2048 శాంపిళ్ల కిటికీయే 43 మిల్లీసెకన్లు, ఆపైన హెడ్‌సెట్ సెకనుకి 72 బొమ్మలు (ఫ్రేములు) చూపిస్తే ఒక్కో ఫ్రేముకి ఇంకో 14. అంటే మనం క్షమించని వైపే తప్పు చేస్తున్నాం.

రికార్డింగ్ అయితే ధ్వనిని ఓ 50 మిల్లీసెకన్లు కావాలని ఆపి వదులు. లైవ్‌లో అది కుదరదు కాబట్టి, దెబ్బ పడిందా లేదా అన్న సంగతికి మాత్రం 512 శాంపిళ్ల చిన్న కిటికీ వాడు. బ్లూటూత్ ఆలస్యాన్ని మాత్రం నమ్ముకోకు, ఒక్కో ఇయర్‌ఫోన్‌కి ఒక్కోలా ఉంటుంది.

విశాఖ అలలు:
మా ఊళ్లో చదువుకున్నాడు కాబట్టి చెప్పుకోవాలి. మృదంగం నాదంలో ఉపస్వరాలు (మూలస్వరంతో పాటు మోగే పైస్వరాలు) మూలస్వరానికి సరిగ్గా రెట్లుగా ఎందుకొస్తాయో సి.వి. రామన్ 1920లోనే రాశాడు. మామూలు డోలుకి అలా రావు. మృదంగం మూత మధ్యలో ఉండే కరణి, అంటే ఆ నల్లటి పూత, బరువు వల్ల వస్తాయి. 1934 నాటి వ్యాసంలో మూత మీద సన్నని ఇసుక చల్లి, ఏ కంపనానికి ఏ గీత ఏర్పడుతుందో చూపించాడు. జర్మన్ శాస్త్రవేత్త క్లాడ్ని 1787లో లోహపు పలకల మీద చేసిన పనే ఇది, మన వాద్యం మీద.

నేను దాన్నే వీఆర్‌లోకి తెచ్చాను. ఆరు మీటర్ల మృదంగం మూత నేలగా, దాని మీద మీరు నిలబడి ఉంటారు. "ధీం" అనగానే కాళ్ల చుట్టూ ఇసుక జరిగి గీతల్లోకి వెళ్లి కూర్చుంటుంది. ముందు నేలనే పైకీ కిందికీ ఊపాను. మా తమ్ముడు రెండు నిమిషాల్లో హెడ్‌సెట్ లాగేసి బాత్రూంకి పరిగెత్తాడు. ఇప్పుడు నేల కదలదు, ఇసుకే కదులుతుంది. ఇంకో మాట, దెబ్బదెబ్బకీ తెర మొత్తం మెరిపించకండి. సెకనుకి మూడు మెరుపులు దాటితే మూర్ఛ వచ్చే తత్వం ఉన్నవాళ్లకి ప్రమాదం.

చిన్నమ్మ:
తంబురా గురించి నా అనుభవం చెప్తాను. మా అక్క కూతురికి పుట్టుకతో వినపడదు, పద్నాలుగేళ్లు. తన కోసం గదిలో ఏ శబ్దం ఎటు నుంచి వస్తే అటు రంగు కనిపించేలా చేశాను. మొదటిరోజు గదంతా బూడిదరంగు పొగ. కోడ్ రెండు గంటలు వెతికాను, తప్పేం దొరకలేదు. అది సీలింగ్ ఫ్యాన్! దాని మీద ఫ్రిజ్, బయట వీధిలో జనరేటర్. పిల్ల ఫోన్‌లో టైప్ చేసి చూపించింది: "మీకు రోజూ ఇంత గోల ఉంటుందా పిన్నీ?"

మన చెవి ఫ్యాన్‌ని ఎప్పుడో మర్చిపోయింది, ప్రోగ్రాంకి ఆ మర్చిపోవడం రాదు. కాబట్టి ప్రతి పట్టీకీ గత నాలుగైదు సెకన్ల సగటు లెక్కగట్టి, దాన్ని మించినదే చూపించడం మొదలుపెట్టాను. ఆగకుండా మోగేది మెల్లగా వాడిపోతుంది, కొత్తగా వచ్చేది వెలుగుతుంది. వెలగడం వెంటనే, ఆరడం నిదానంగా ఉండాలి బాబూ, లేకపోతే పాడైన ట్యూబ్‌లైట్‌లా ఉంటుంది. తంబురాని అలా వాడిపోనిచ్చి నేలకి రంగుగా వేసి చూడు. ఇప్పుడు మా పిల్లకి కుక్కర్ విజిల్ అంటే ఇష్టం. వంటింటి వైపు నుంచి నారింజరంగు చీలిక వస్తే అందరికంటే ముందు తనే లేస్తోంది.

తంబురా తీగ:
వారం పట్టింది. చిన్నమ్మగారు చెప్పినట్టు తంబురా ఇప్పుడు నేల మీద నీలం రంగు, పైన గొంతు దారం. నిన్న సాయంత్రం నాన్నగారికి కాంభోజి పాడించి, రికార్డింగ్‌తో చూపించాను. చాలాసేపు తల తిప్పుతూ దారాన్ని చూస్తూనే ఉన్నారు. ఒకచోట దారం ఉన్నట్టుండి పైస్థాయికి దూకింది. "అది నేను పాడలేదు" అన్నారు. నిజమే, పాడలేదు. ఇంకోచోట గాంధారం కాస్త కిందుగా మొదలై తర్వాత సర్దుకుంది. "ఇదీ దాని తప్పే" అన్నారు. రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాం. ఏమీ అనకుండా వెళ్లి శ్రుతిపెట్టె ఆన్ చేసుకుని కూర్చున్నారు. దారం అలా పైస్థాయికి దూకకుండా ఎలా ఆపాలి?

బెజవాడ కోడర్:
యిన్‌కి అది పాత జబ్బే. అంతకు ముందు ఫ్రేములో ఉన్న పౌనఃపున్యానికి సరిగ్గా రెట్టింపో సగమో వస్తే వెంటనే ఒప్పుకోకు, వరసగా ఐదారు ఫ్రేములు అలాగే ఉంటేనే దారాన్ని జరుపు. ఇక గాంధారం సంగతి మీ నాన్నగారు చూసుకుంటున్నారుగా.