డిగ్రీలో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసుకుంటే గ్రూప్స్‌కు పనికొస్తుందా?

దేవరకొండ అమ్మాయి:
ఇంటర్ సీఈసీ అయిపోయింది, డిగ్రీ సీట్ల వెబ్‌సైట్ దోస్త్‌లో ఆప్షన్లు పెట్టాలి. గ్రూప్-2 నా లక్ష్యం. అందుకే బీఏలో హిస్టరీ, పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ అనుకున్నాను. మా అన్నయ్య బీకాం కంప్యూటర్స్ పెట్టమంటున్నాడు. ఒకటే టెన్షన్. చదివినవాళ్లు చెప్పండి.

పాలమూరు అభ్యర్థి:
మీ అన్న చెప్పిందే కరెక్టు చెల్లె. గ్రూప్-2కు ఏ డిగ్రీ అయినా చాలు. నాలుగు పేపర్లు, 600 మార్కులు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కు విడిగా పేపరే లేదు. నేను ఆ సబ్జెక్టే చదివాను. క్లాసులు సరిగా జరగలేదు. ఈ సబ్జెక్టుకు పునాది అనే 1887 నాటి విల్సన్ వ్యాసం, ఆఫీసులో ఎవరి పని వాళ్లు రూల్ ప్రకారం చేయాలనే వేబర్ సిద్ధాంతం గైడ్‌లో బట్టీ పట్టి పాసయ్యాను. కోచింగ్‌లో మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

నకిరేకల్ అక్క:
తమ్ముడూ, గైడ్‌తో చదివితే ఏ సబ్జెక్టయినా అంతే. నేను జూనియర్ అసిస్టెంట్‌ని. ఓ సోమవారం, అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఓ అవ్వ వచ్చింది. పాలిథిన్ కవర్లో ఐదు రసీదులు, ఐదూ ఒకే పింఛను అర్జీవి. అర్జీ ప్రతిసారీ మండలానికి పోయింది, అక్కణ్నుంచి పంచాయతీకి పోయింది, 'పరిష్కరించడమైనది' అని రాసి మూసేశారు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు. ఆ సంగతి ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. ఎవరి టేబుల్ పని వాళ్లు రూల్ ప్రకారం చేశారు, అవ్వ పని మాత్రం కాలేదు. వేబర్ పాఠం నాకు ఆ రోజు అర్థమైంది. ఫైలు ఎక్కడ ఆగిందో, ఎవరిని అడగాలో వెంటనే తట్టింది. 2016లో ఉమ్మడి నల్గొండ మూడు జిల్లాలు ఎందుకైందో, దాంతో కలెక్టర్ మీద భారం ఎంత తగ్గిందో ఆలోచించు, 'నియంత్రణ పరిధి', అంటే ఒక అధికారి ఎంతమందిని సరిగా చూసుకోగలడనేది, అదే.

పాలమూరు అభ్యర్థి:
అక్కా, మీరు చెప్పేది ఉద్యోగం వచ్చాక పనికొచ్చే చదువు. చెల్లె అడిగింది ఉద్యోగం రావడం గురించి. ఇంటి మీద అప్పు ఉన్నవాళ్లకు ఈ రెండూ ఒకటి కావు.

నకిరేకల్ అక్క:
అది నిజం, కాదనను. అయినా గ్రూప్-2లో రాజ్యాంగం ఉంది, 73వ సవరణ, పంచాయతీరాజ్ అందులోవే. రేపు సివిల్స్ రాస్తే మెయిన్స్ 1750 మార్కుల్లో మనం ఎంచుకునే ఆప్షనల్ సబ్జెక్టువే 500, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌ను ఆప్షనల్‌గా పెట్టుకోవచ్చు. చెల్లె, ఎకనామిక్స్ కలిసిన కాంబినేషన్ ఉంటే అది పెట్టు, గ్రూప్-2లో ఒక పేపరంతా ఎకానమీయే. ఆప్షన్ పెట్టే ముందు ఆ కాలేజీలో లెక్చరర్ ఉన్నారా లేదా సీనియర్లను అడుగు. లేకపోతే మీ అన్న మాటే విను.

దేవరకొండ అమ్మాయి:
రేపే వెళ్లి కనుక్కుంటాను. అక్కా, ఆ అవ్వకు పింఛను వచ్చిందా?

నకిరేకల్ అక్క:
ఆధార్‌లో పేరు సరిచేయించాం. జాబితాలో ఇంకా ఎక్కలేదు. వచ్చే సోమవారం మళ్లీ రమ్మన్నాను.