అప్‌డేట్: బ్లేడ్ రన్నర్‌లో వాయిస్ ఓవర్ నిజంగానే ఉంది
బ్లేడ్ రన్నర్ సినిమాలో హీరో వాయిస్ ఓవర్ (సీను వెనక నుంచి కథ చెప్పే గొంతు) ఉండేదని నాకు గట్టిగా గుర్తు, మా తమ్ముడేమో అలాంటిదే లేదంటున్నాడు, ఎవరు రైటు అని అడిగాను కదా. ఇద్దరమూ రైటే! నేను చూసింది 1982లో రిలీజైన వెర్షన్, వాడు చూసింది మళ్లీ ఎడిట్ చేసి 2007లో వదిలిన ఫైనల్ కట్. 1992 డైరెక్టర్స్ కట్‌లోనే హీరో హారిసన్ ఫోర్డ్ వాయిస్ ఓవర్ తీసేసి, ఒంటికొమ్ము గుర్రం కల కలిపారు. చివర్లో జంట కొండల్లోకి వెళ్లిపోయే సీనూ ఎగిరిపోయింది. ఆ కొండల షాట్లు దర్శకుడు కుబ్రిక్ తన సినిమా ‘ద షైనింగ్’ కోసం తీయించగా మిగిలినవని తెలిసి నవ్వాగలేదు.

నిన్న రాత్రి రెండూ వరసగా చూశాం. వాయిస్ ఓవర్ లేకపోతేనే బాగుంది, వాన చప్పుడైనా వినిపిస్తుంది. కానీ విలన్ రాయ్ చనిపోయాక ఫోర్డ్ చెప్పే ఆ నాలుగు ముక్కలు లేకపోతే నాకు వెలితిగానే ఉంది. తమ్ముడికి మాత్రం చెప్పలేదు.