మాది హెచ్‌1బీ, పాప సిటిజన్: ఫాఫ్సా నింపాలా?

ప్రశ్న: డాలస్ దగ్గర ఉంటాం. మావారిది హెచ్‌1బీ ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్‌4, నాకు ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదు. పాప ఇక్కడే పుట్టింది, ఈ ఫాల్‌లో కాలేజీ. చదువుకి ఫెడరల్ ప్రభుత్వ సాయం అడిగే ఫాఫ్సా ఫారం నింపుదామంటే, "మన వీసాకి ఫెడరల్ ఎయిడ్ ఎవరిస్తారు, దండగ పని" అంటున్నారు ఈయన. మియాపూర్‌లో అద్దెకిచ్చిన ఫ్లాట్ కూడా ఉంది, అది చూపించాలా?

జవాబు: నింపండి. వాళ్లు చూసేది పాప స్టేటస్, మీ వీసా కాదు. ఈ ఎయిడ్ అంతా 1965 నాటి ఉన్నత విద్యా చట్టం కిందే వస్తుంది. (అప్పటి అధ్యక్షుడు జాన్సన్ దాని మీద సంతకం పెట్టింది మీ టెక్సస్‌లోనే, శాన్ మార్కస్‌లో తాను చదువుకున్న కాలేజీలో.)

సాఫ్ట్‌వేర్ జీతం వచ్చే ఇంటికి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) మీద ఆశ వద్దు. దాని గరిష్ఠం ఏడాదికి 7,395 డాలర్లు, అదీ తక్కువ ఆదాయం వాళ్లకు. కానీ అన్‌సబ్సిడైజ్డ్ లోన్‌కి (చదువుతున్నప్పుడూ వడ్డీ పడే ఫెడరల్ లోన్) ఆదాయంతో పని లేదు. మొదటి ఏడాది 5,500 డాలర్లు పాప పేరు మీదే, కోసైనర్ (హామీ సంతకం) లేకుండా వస్తుంది. ఫాఫ్సా లేకపోతే అదీ లేదు.

మీరు జాయింట్‌గా ట్యాక్స్ ఫైల్ చేసి ఉంటే ఒక్క పేరెంట్ చాలు, మీ ఎస్ఎస్ఎన్ గొడవే రాదు. ఆయన, పాప ఎవరి అకౌంట్ వాళ్లు తెరవాలి. ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్ నుంచి వివరాలు తీసుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా ఎయిడ్ రాదు.

ఫ్లాట్ చూపించాలి. ఇండియాలో ఉన్నా లెక్కలోకి వస్తుంది. ఈ రోజు ధరలో లోన్ బాకీ తీసేసి, మిగిలింది డాలర్లలోకి మార్చి రాయండి. మీరు ఉంటున్న ఇల్లు, 401కే (రిటైర్మెంట్ పొదుపు) మాత్రం రాయొద్దు.

ఇంకొకరు: పేరు జాగ్రత్తండీ! మావారు ఆఫీసులో వాడే పొట్టి పేరు కొట్టారు. ఎస్ఎస్ఎన్ కార్డులో మాత్రం ఇంటిపేరుతో సహా మూడు ముక్కలు. మ్యాచ్ కాక మూడు రోజులు టెన్షన్. కార్డులో ఎలా ఉంటే అలాగే, ఖాళీలతో సహా కొట్టండి. ఒక కన్సల్టెంట్‌కి డబ్బులు కూడా పోశాం. ఫారం ఉచితమని తర్వాత తెలిసింది.

ప్రశ్న: ఫ్లాట్ మావారు, మా మరిది పేర్ల మీద ఉంది. మొత్తం రాయాలా? పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది, హెచ్‌4. తను కూడా కాలేజీలోనే ఉంది.

జవాబు: మీ వాటా వరకే రాయండి. పెద్దమ్మాయికి, పాపం, ఫెడరల్ ఎయిడ్ రాదు. గ్రీన్‌కార్డ్ వస్తే అప్పుడు అర్హత. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉంటే ఇచ్చే తగ్గింపు కూడా 2024-25 నుంచి ఎత్తేశారు. ఇంకోటి, పిల్లల చదువుకి తల్లిదండ్రుల పేరు మీద ఇచ్చే పేరెంట్ ప్లస్ లోన్ మీకు దొరకదు, దానికి పేరెంట్‌కే సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో ఉండాలి. ఆ కారణం చెప్పి పాప లోన్ పరిమితి పెంచమని కాలేజీ ఎయిడ్ ఆఫీసుని అడగండి. నిబంధనల్లో దానికి వీలుంది, మొదటి ఏడాది ఇంకో 4,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చు.

ప్రశ్న: ఈ 4,000 సంగతి ఎవరూ చెప్పలేదండీ. ఈ రాత్రే ఈయన్ని కూర్చోబెడతాను, ఎస్ఎస్ఎన్ కార్డు బయటికి తీసి పెట్టాను.