ప్రింటర్‌లో తీసిన భాగం సొంత తయారీ అవుతుందా? (1:64 మీటర్‌గేజ్)

రేణిగుంట_కుర్రోడు:
పాకాల–ధర్మవరం లైను మీటర్‌గేజ్‌గా (పట్టాల మధ్య ఒక మీటరు) ఉన్నప్పటి రైలు పెట్టెల నమూనాలు 1:64లో, అంటే అసలులో 64వ వంతు సైజులో కడుతున్నా. ఈ స్కేలులో మన పెట్టెల సామాను అంగట్లో ఎక్కడా కనబడలేదు, అందుకే యాక్సిల్ బాక్సులు (ఇరుసు కొసల్ని పట్టి ఉంచే డబ్బాలు), కమాన్ పట్టీలు, బోగీ ఫ్రేములు కంప్యూటర్‌లో గీసి రెజిన్ ప్రింటర్‌లో (ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే 3డి ప్రింటర్) తీశాను. ఒకాయన చూసి 'ఇది నువ్వు చేసింది కాదప్పా, మిషన్ చేసింది' అన్నాడు. మీరేమంటారు? ఫైలు కింద పెట్టా, కావాల్సినవాళ్లు తీసుకోండి.

ఆకురాయి:
ఆ ఒకాయన నేనే. ముప్పై ఏళ్లుగా ఇత్తడి రేకు కోసి, అరగదీసి, టంకం పెట్టి చేస్తున్నా. ఒక్క యాక్సిల్ బాక్సుకు ఒక సాయంత్రం పోతుంది, కానీ తప్పెక్కడుందో వేలికే తెలుస్తుంది. బటన్ నొక్కి బోంచేసి వచ్చేలోపు ఎనిమిది తయారైతే అది కొనుక్కోవడంతో సమానం. పైగా హెచ్‌ఓ పట్టాల మీద, అంటే 1:87 మోడల్ రైళ్లకని అమ్మే పట్టాల మీద పెట్టావు, వాటి మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. 64తో గుణించి చూడు, 1056. అది మీటర్‌గేజా?

చంద్రగిరి_చుక్‌చుక్:
బోగీ అంటేనే పెట్టె కదా, మళ్లీ బోగీ ఫ్రేమేంది?

రేణిగుంట_కుర్రోడు:
అన్నా, రైల్వేవాళ్ల లెక్కలో పెట్టె కింద చక్రాలుండేదే బోగీ. మనమే పెట్టెను బోగీ అనేస్తాం.
సార్, రావాల్సింది 15.6, తేడా 0.9. దానికోసం పట్టాలూ నేనే వేసి, ప్రతి చక్రాన్నీ ఇరుసు మీద లోపలికి నొక్కుతూ కూర్చుంటే నా పెళ్లయ్యేలోపు ఒక్క పెట్టె కూడా కదలదు. ఇక బటన్ అంటారా, ప్రింటయ్యేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే సపోర్టులు ఎక్కడ పెట్టాలో తెలియక పదకొండుసార్లు పాడైంది. యూవీ లైటు కింద ఎక్కువసేపు ఉంచితే పెళుసై గోరు తగిలినా విరిగింది.

టంకం_పెట్టె:
1:87కి మారితే 12 మిల్లీమీటర్ల పట్టా ఉంది, కావాల్సింది 11.5. గేజి గొడవ దాదాపు పోతుంది.

తిరుచానూరు_టైమ్‌టేబుల్:
నేను పీఎల్‌ఏ ప్లాస్టిక్‌లో తీయించా. మే నెలలో కారులో వదిలేసి కొండకెళ్లి వచ్చేసరికి పైకప్పు అప్పడంలా వంగిపోయింది. 60 డిగ్రీలకే మెత్తబడుతుంది అది. (అడిగింది ఇది కాదని తెలుసు.)

టంకం_పెట్టె:
రెండూ కలపొచ్చు కదా. కొలిమిలో మిగలకుండా కాలిపోయే రెజిన్‌లో ప్రింట్ తీసి నగలు పోతపోసేవాళ్లకిస్తే ఇత్తడిలో పోసిస్తారు. చల్లారాక నూటికి ఒకటి రెండు పాళ్లు కుంచించుకుంటుంది, ముందే ఫైల్లో అంత పెంచుకోవాలి.

ఆకురాయి:
పోతైనా, ప్రింటైనా వేరేవాళ్ల చెయ్యే. 0.9 సంగతికి జవాబు రాలేదు.

రేణిగుంట_కుర్రోడు:
ఇప్పుడే చెప్పాను సార్! ముప్పై ఏళ్లలో మీరు చేసింది నాలుగు పెట్టెలు, అవీ బీరువాలో. మీ తర్వాత ఇవి ఎవరు చేయాలి?

ఆకురాయి:
నాలుగే, నిజం. మరి నీ ఫైల్లో కొలతలు ఎక్కడివి అబ్బాయ్? బ్రాడ్‌గేజ్ చేస్తారని తెలిశాక పాకాల యార్డులో మూలన పెట్టిన పెట్టె కిందికి దూరి వానలో టేపు పెట్టి కొలిచినవి. నేను చెబుతుంటే మా ఆవిడ గొడుగు పట్టుకుని నోట్‌బుక్‌లో రాసింది, ఆ జ్వరం గురించి ఇప్పటికీ దెప్పుతుంది. ఆ నోట్‌బుక్ నువ్వు ఫోటో తీసుకుంటానంటే సరే అన్నాను. ఇప్పుడు ఊరందరికీ పంచావు, కింద నీ పేరొక్కటే ఉంది.

చంద్రగిరి_చుక్‌చుక్:
ఓహో. ఇదా 0.9.

రేణిగుంట_కుర్రోడు:
ఈ మాట మొదటే అనుండొచ్చు కదా సార్. రైలు పెట్టె కొలత ఒకరి సొత్తేముంది అనుకున్నా, ఇప్పటికీ అదే అనుకుంటున్నా. కానీ మీ పేరు, అమ్మగారి పేరు పెట్టకపోవడం తప్పే, ఈ రాత్రికే పెడతా. ఫైలు మాత్రం తీయను.

ఆకురాయి:
పేరు తర్వాత. ముందు అడగాలి. ఇంకోటి, నోట్‌బుక్‌లో కమానుకు ఏడు పట్టీలని స్పష్టంగా రాసుంది, నువ్వు ఆరే గీశావు. తప్పు బొమ్మ మీద మా ఆవిడ పేరు వేయొద్దు.

తిరుచానూరు_టైమ్‌టేబుల్:
తమ్ముడూ, ఏడు పట్టీలవైతే ఎనిమిది బాక్సుల సెట్టు ఎంతకిస్తావ్?